భృతి ఎవరిస్తున్నారు?

పట్టాలు అందుకోబోతున్న బిడ్డలారా, ఈ పూట నేను మాట్లాడేది ఎక్కువగా వెనక కుర్చీల్లో సర్దుకుని కూర్చున్న మీ తల్లిదండ్రుల గురించే.

దిల్‌సుఖ్‌నగర్‌లో గ్రూప్స్ రాసేవాళ్లకు ఎకానమీ పాఠం చెప్పుకుని బతుకుతున్నవాణ్ని. మీరు ఎంతకాలం ఎదురుచూస్తే నాకు అంతకాలం జీతం. కాబట్టి నా మాటల్ని కాస్త అనుమానంగానే వినండి.

చైతన్యపురి, గడ్డిఅన్నారం వైపు ఏ సందులోకి తిరిగినా ఒక స్టడీ హాల్ కనిపిస్తుంది. కుర్చీకో నంబరు, మనిషికీ మనిషికీ మధ్య ప్లైవుడ్ చెక్క. ఆ చెక్క మీద రాజ్యాంగ అధికరణల చీటీలు. కొత్త చీటీల కింద పాత బ్యాచ్ వాళ్లు అంటించినవి సగం చిరిగి ఉంటాయి. ఏం చేస్తున్నావని చుట్టాలు అడిగితే ‘ప్రిపేర్ అవుతున్నా’ అంటే చాలు. ఖాళీగా ఉన్నాడని ఎవరూ అనరు. పనిలేనితనం అన్నిచోట్లా ఇలా దాగదు. 1930ల మొదట్లో ఆస్ట్రియాలోని మారియెంతాల్ అనే ఊళ్లో మిల్లు మూతపడ్డాక పరిశోధకురాలు మేరీ యహోదా బృందం అక్కడి జనాన్ని పరిశీలించింది. చేతినిండా తీరిక ఉన్నా లైబ్రరీ నుంచి పుస్తకాలు తీసుకోవడం తగ్గింది. మగవాళ్ల నడకే మందగించింది. మన దగ్గర అంతా తలకిందులు. తెల్లవారేసరికి కుర్చీలు నిండిపోతాయి. అందుకే ఇక్కడి నిరుద్యోగం కంటికి ఆనదు.

నిరుద్యోగ భృతి రాలేదని అందరూ అంటారు. నిజమే. 2018 ఎన్నికల్లో టీఆర్ఎస్ నెలకు 3,016 రూపాయలన్నది. మరుసటి ఏడాది ఓటాన్ అకౌంట్ బడ్జెట్లో 1,810 కోట్లు చూపించింది కూడా. ఒక్క ఖాతాలోనూ పడలేదు. 2023 మే 8న, ఇక్కడికి కూతవేటు దూరంలోని సరూర్‌నగర్ స్టేడియంలో, కాంగ్రెస్ యూత్ డిక్లరేషన్ 4,000 అన్నది. ప్రభుత్వం వచ్చింది కానీ భృతి రాలేదు. ఆంధ్రలో 2018 అక్టోబరు 2న ‘ముఖ్యమంత్రి యువనేస్తం’ కింద వెయ్యి రూపాయలు మొదలై, రెండు వేలయింది. 2019లో ప్రభుత్వం మారింది, అదీ ఆగింది.

కానీ దిల్‌సుఖ్‌నగర్‌లో ప్రతి హాస్టల్ గదికీ నెలనెలా భృతి వస్తూనే ఉంది. ఆదివారం సాయంత్రం ఊరికి ఫోన్ వెళ్తుంది. ‘అమ్మా, ఫీజు కట్టాలె’ అన్నాక అటువైపు కాసేపు మాట ఉండదు. తర్వాత ‘రేపు సంఘం మీటింగున్నది బిడ్డా, లోను అడుగుత’ అంటుంది. నాన్నది మీటలు నొక్కే పాత ఫోను. అందుకని డబ్బు పక్కింటి పిల్లాడి ఫోన్‌పే నుంచి వస్తుంది. ఇదే మన నిరుద్యోగ భృతి. దీనికి బడ్జెట్ పద్దు లేదు, ఎన్నికల ఊసు లేదు. వడ్డీ మాత్రం ఉంది.

ఇంత ఎదురుచూపు మీ బద్ధకం వల్ల వచ్చింది కాదు. ఎల్బీనగర్ చౌరస్తాలో శ్రీకాంతాచారి విగ్రహం మీరు రోజూ చూసేదే. 2009 నవంబరు 29న ఆయన ఒంటికి నిప్పంటించుకున్నది అక్కడే. నీళ్లు, నిధులు, నియామకాలన్న తెలంగాణ ఉద్యమం అది. రాష్ట్రం 2014లో వచ్చింది. తొలి గ్రూప్-1 నోటిఫికేషన్ మాత్రం 2022 ఏప్రిల్‌లో వచ్చింది. పోస్టులు 503, దరఖాస్తులు 3.8 లక్షలు. ప్రిలిమ్స్ పెట్టారు. పేపర్ లీకై రద్దు చేశారు. 2023 జూన్‌లో మళ్లీ పెడితే హైకోర్టు కొట్టేసింది. 2024లో 563 పోస్టులతో మళ్లీ మొదటికొచ్చింది. నియామక పత్రాలు చేతికందేసరికి 2025 సెప్టెంబరు. మధ్యలో గరిష్ఠ వయసును 46కు పెంచారు. చప్పట్లు కొట్టాం, నేనూ కొట్టాను. ఆ పెంచిన రెండేళ్ల హాస్టల్ ఫీజు ఎవరు కడతారన్నది జీవోలో ఉండదు.

అందుకే చిన్న జీతానికి ఒప్పుకున్నవాణ్ని చూసి ‘సెట్ కాలేదు పాపం’ అనే మాట నాకు నచ్చదు. మెడికల్ షాపు కౌంటర్లో నిలబడి, రాత్రి పూట పాలిటీ చదివేవాడు నాకు ఓడిపోయినవాడిలా కనిపించడు. వాడు ఇంటి మీద పడే భృతి ఆపేశాడు. అలాగని ఏ జీతమిచ్చినా నోరు మూసుకోమనీ చెప్పను. డిగ్రీ చదివిన పిల్లకు కూలి కన్నా తక్కువ ఇచ్చి, అనుభవం వస్తుంది కదమ్మా అనే యజమానులు ఈ మెట్రో లైన్ పొడవునా ఉన్నారు.

చిన్న ఉద్యోగమైతే మరీ గట్టిగా అడగాల్సింది ఈఎస్ఐ. పదిమంది లేదా అంతకన్నా ఎక్కువమంది పనిచేసే చోట, 21,000 వరకు జీతానికి అది మీ హక్కు. 15,000 జీతంలో మీ వాటా 0.75 శాతం, నెలకు 113 రూపాయలు. యజమాని వాటా 3.25 శాతం. 2018లో మొదలైన అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన కింద, ఉద్యోగం పోతే జీవితంలో ఒకసారి 90 రోజుల వరకూ సగటు జీతంలో కొంత ఇస్తారు. మొదట 25 శాతం ఉండేది, 2020లో 50 శాతానికి పెంచారు. కనీస సర్వీసు లాంటి షరతులున్నాయి. అసలు ఉద్యోగమే దొరకనివాడికి ఇది వర్తించదు. పెద్ద లోపమే. అందుకే వచ్చే ఎన్నికల్లో మీ గుమ్మం ముందుకొచ్చిన వాళ్లను 3,016 ఏమైంది, 4,000 ఏమైంది అని మీరు నిలదీయాలి, మీ తల్లిదండ్రులు కాదు.

ప్రిపరేషన్ మానమని అనను. నా పొట్ట కొట్టుకోలేను కదా. ఎన్ని ప్రయత్నాలో, ఎప్పటిదాకానో ఇంట్లో కూర్చుని మాట్లాడుకోండి, అప్పు లెక్క కూడా పక్కన పెట్టుకుని. అమ్మ ఎంత తెచ్చింది, ఎక్కడ తెచ్చిందని మీరే అడగండి. తనంతట తాను చెప్పదు.

ఇంకొక్క మాట చెప్పి దిగిపోతాను, భోజనాల వేళయింది. ఇప్పుడు మీరందుకునే పట్టా ఒరిజినల్‌ని జమ చేయమని కొన్ని ప్రైవేటు సంస్థలు అడుగుతాయి. మానేసి వెళ్లేటప్పుడు తిరిగివ్వడానికి తిప్పలు పెడతాయి. చూపించండి, జిరాక్స్ ఇవ్వండి. ఒరిజినల్ మాత్రం ఇంట్లో బీరువాలో పెట్టండి.