క్యాంపు అంటే ఏమిటి?
(సంఘం వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు ఫోన్ చేసి, "భాష మీద ఏదైనా మాట్లాడండి, కాస్త సరదాగా ఉండాలి, భోజనాలకు ఆలస్యం చెయ్యకూడదు" అన్నారు. నేను పండితుణ్ణి కాను. సి.ఆర్.పి.ఎఫ్.లో ఫార్మసిస్టుగా చేసి రిటైరయ్యాను. త్రివిధ దళాలవారి మధ్య మాలాంటివాణ్ణి కూడా పిలిచి మైకు ఇచ్చారు, అదే గొప్ప. కాబట్టి పెద్ద పెద్ద పదాల జోలికి పోకుండా, మనం రోజుకు పదిసార్లు అనే ఒక ఇంగ్లీషు మాట తీసుకున్నాను. క్యాంపు.

ఈ మాట పుట్టిల్లు లాటిన్. అక్కడ 'కాంపుస్' అంటే మైదానం, బయలు. రోము నగరంలో సైనికులు కసరత్తు చేసే బయలును యుద్ధదేవత మార్స్ పేరుతో పిలిచేవారు. అదే మూలం నుంచి కాలేజీ క్యాంపస్ వచ్చింది, యుద్ధంలోనూ ఎన్నికల్లోనూ జరిగే క్యాంపెయిన్ వచ్చింది, బరిలో దిగి నిలబడే చాంపియన్ కూడా వచ్చాడు. గవర్నరుగారి వెనకాల బంగారు తాళ్ళు వేసుకుని నిలబడే ఎ.డి.సి. ఉన్నాడే, ఆ ఫ్రెంచి పేరులో చివరి 'సి' ఇదే. ఇంతమంది ఒక తల్లి పిల్లలంటే ముఖాలు చూసి నమ్మలేం.

మనకు మాత్రం ఈ పదార్థానికి మాటలు తక్కువా? శిబిరం, స్కంధావారం, కటకం అన్నవి సంస్కృతం ఇచ్చింది. ఒరిస్సాలో కటక్ ఆ కటకమే. డేరా, మకాం, మజిలీ తురకల పాలన నాటి నుంచి ఉన్నాయి. దండు, విడిది, బస మన నోట్లో నానినవి. వీటిలో ఒకదానికి ఇంకొకటి పెడితే కుదరదు, అదే చిత్రం. మగపెళ్ళివారిని విడిదిలో దించుతాం గాని శిబిరంలో దించం. దించితే పెళ్ళి కాదు, యుద్ధం. నక్క ఊరి చివర మకాం వేస్తుంది, విడిది చెయ్యదు.

పాళెం అన్న మాట మీద నాకు ప్రత్యేకమైన ప్రేమ. పాళెం అంటే సేన దిగిన చోటు. ఆ పాళేనికి దొర పాళెగాడు. సేనలు పోయాయి, దొరలు పోయారు, పేర్లు మాత్రం మన ఊళ్ళ చివర మిగిలాయి. ఇంగ్లండులోనూ ఇదే కథ. రోమన్లు దండు దిగిన చోటును 'కాస్త్ర' అనేవారు. మాంచెస్టర్, లాంకస్టర్ పేర్ల తోకలు అవే. అంటే మాంచెస్టర్ కూడా ఒక పాళెమే.

సికిందరాబాదును పాతవాళ్ళు లష్కర్ అనేవారు. 1806లో నిజాం సికందర్ జా పేరుతో వెలిసిన దండు ఊరు అది. ఇప్పటికీ లష్కర్ బోనాలంటే ఉజ్జయినీ మహంకాళి బోనాలే. గ్వాలియర్‌లో పనిచేసినవారికి తెలుసు, అక్కడా సింధియాల సేన దిగిన లష్కర్ ఉంది. దాని లోపల మళ్ళీ 'కంపూ' అని ఒక పేట. క్యాంపు హిందీ నోట్లో కంపూ అయింది. అది తెలుగు చెవికి ఎలా వినబడుతుందో చెప్పనక్కర్లేదు. ముప్పై మంది జవాన్లు రాత్రి బూట్లు విప్పిన డేరాలోకి వెళ్ళినవాడికి ఆ రెండు మాటలూ ఒకటే. ఉర్దూ భాష పేరు కూడా ఇంతే, 'ఓర్దూ' అంటే తుర్కీలో సేన, దండు.

ఇక మన ఆంధ్రదేశంలో క్యాంపుకు పట్టిన అవతారాలు చూడండి. మా నాన్నగారి కాలంలో "కలెక్టరుగారు క్యాంపు వస్తున్నారు" అంటే ఊళ్ళో గోడలకు సున్నం పడేది. అధికారి ఇల్లు వదిలి బయటికి వస్తే క్యాంపు. అదే అధికారి ఆఫీసుకు వెళ్ళకుండా ఇంట్లోనే కూర్చుని ఫైళ్ళు చూస్తే అది క్యాంపు ఆఫీసు! బయటికి వెళ్ళినా క్యాంపే, ఇల్లు కదలకపోయినా క్యాంపే. 1984 ఆగస్టులో రామారావుగారిని గద్దె దించినప్పుడు ఎమ్మెల్యేలను కర్ణాటకకు తీసుకెళ్ళి కాపాడుకున్నారు. అప్పటి నుంచి క్యాంపు రాజకీయం అనే మాట పత్రికల్లో స్థిరపడిపోయింది. అంటే మూడో అర్థం, తలుపు బయట గొళ్ళెం పెట్టిన హోటలు.

నాలుగో అర్థం నాకు పెళ్ళిచూపుల్లో తెలిసింది. తుంగభద్ర డ్యాము కట్టాక, 1950ల నుంచి, కృష్ణా గోదావరి గుంటూరు జిల్లాల రైతులు ఇక్కడి ఎకరం అమ్మి రాయచూరు వైపు కాలవ కింద నాలుగైదెకరాలు కొనుక్కుని వెళ్ళారు. డేరాలు, పాకలు వేసుకుని రేగడి దున్నారు. ఆ పాకలు మిద్దెలయ్యాయి, రైసుమిల్లులు వచ్చాయి, ఊరి పేరు మాత్రం క్యాంపుగానే ఉండిపోయింది. సింధనూరు, గంగావతి చుట్టుపక్కల అన్నీ అవే. మా ఆవిడది అలాంటి ఒక క్యాంపు. "మీదే ఊరమ్మా" అని మా అమ్మ అడిగితే, "మాది క్యాంపండీ" అంది. మా అమ్మ కంగారుపడి నా చెవిలో, "సొంత ఇల్లు లేదేమోరా" అంది. నాలుగు గదుల మిద్దె ఉంది వాళ్ళకు, మాకే పెంకుటిల్లు.

నేను బస్తరు నుంచి ఫోన్ చేసి "క్యాంపులో ఉన్నా" అంటే ఆవిడ "అయితే హాయిగా ఉన్నారన్నమాట" అని ఏడిపించేది. క్యాంపంటే ఆవిడకు పుట్టిల్లు కదా.

ఆ బస్తరు సంగతే చెప్పాలని ఈ మాట తీసుకున్నాను. ఇంతవరకు నవ్వించాను, ఇకమీద నవ్వించలేను, క్షమించాలి.

2010 ఏప్రిల్ 6న తాడ్‌మెట్లలో మనవాళ్ళు 76 మంది పోయారు. ఆ తరువాతి వానాకాలానికి నేను దోర్నపాల్‌లో ఉన్నాను. సుక్మా నుంచి కుంటకు వచ్చే జాతీయ రహదారి మీద ఊరు. ఇక్కణ్ణుంచే జగర్‌గుండా వైపు, చింతల్నార్ వైపు రోడ్డు చీలుతుంది. శబరి నది దాటితే ఒరిస్సా, కింద కుంట దాటితే మన చింతూరు. ఆ రోజుల్లో అది దంతెవాడ జిల్లా, 2012 జనవరిలో సుక్మా జిల్లా అయింది. కుంట వైపు దోర్లా జనంలో చాలామందికి తెలుగు అర్థమవుతుంది. అందుకని ఫార్మసీతో పాటు దుబాసీ పని కూడా నాకే పడింది.

ఆ ఊళ్ళో అప్పుడు రెండు క్యాంపులు. ఒకటి మాది, ముళ్ళకంచె, ఇసుక బస్తాలు, కాపలా మోర్చా. రెండోది సహాయ శిబిరం. 2005లో సల్వాజుడుం మొదలయ్యాక లోపలి పల్లెల జనాన్ని రోడ్డు పక్కకు తెచ్చి పెట్టినవి ఆ శిబిరాలు. దోర్నపాల్‌ది వాటిలో పెద్దది. రేకుల కప్పులు, వరసలు. కొందరు నక్సలైట్ల భయంతో తామే వచ్చారు, కొందరిని తీసుకొచ్చారు. ఊరూ పొలమూ విప్పచెట్లూ వెనక ఉండిపోయాయి. దిగువన ఎర్రబోరు శిబిరం మీద 2006 జూలైలో దాడి జరిగి ఎంతోమంది గిరిజనులు చనిపోయారు. రానివాళ్ళు అడవిలోకో, దాటి మన ఖమ్మం జిల్లా వైపుకో పోయారు. మనవాళ్ళు వాళ్ళకు గుత్తికోయలని పేరు పెట్టారు.

ఇదంతా నాకు తెలుసు. తెలిసి కూడా ఆ మాట వాడాను.

వానలు వెనకబడ్డాక మలేరియా విజృంభించింది. రోడ్డుకు కొంచెం లోపల ఒక పల్లె, పేరు చెప్పను, అక్కడికి వెళ్ళి మందులిద్దామని పై అధికారి ఒప్పుకున్నారు. తేదీ ముందుగా చెప్పకూడదు, ఎందుకో మీకు తెలుసు. సంతలో ఆ పల్లె పెద్దాయన కనబడితే, "తాతా, రెండు మూడు రోజుల్లో మీ ఊళ్ళో క్యాంపు పెడతాం, అందరినీ ఉండమను" అన్నాను. ఆయన తలూపి, ఉప్పు మూట నెత్తిన పెట్టుకుని వెళ్ళిపోయాడు. ఎంత మంచిపని చేశానని ఆ పూట నాకు ఆకలి కూడా వెయ్యలేదు.

మూడో రోజు తెల్లవారకుండా నడిచి వెళ్ళాం. పల్లెలో మనిషి లేడు. కోళ్ళు తిరుగుతున్నాయి. ఒక ఇంటి ముందు కుండ బోర్లించి ఉంది, పొయ్యి చల్లగా ఉంది. రాత్రి పోయినవాళ్ళు కారు, ముందురోజో అంతకు ముందో పోయారు. కమాండరు నా వైపు చూశాడు. చివరి గుడిసెలో నడవలేని ముసలాయన ఒక్కడే పడుకుని ఉన్నాడు. మమ్మల్ని చూసి రెండు చేతులూ ఎత్తాడు. "క్యాంపుకు రానయ్యా, నన్నీడనే సావనియ్యి" అన్నాడు.

అప్పుడు అర్థమైంది. 'మీ ఊళ్ళో క్యాంపు' అన్నది వాళ్ళకు రెండే రెండు రకాలుగా వినబడింది. మీ ఊరిని ముళ్ళకంచె చేస్తాం అని ఒకటి, లేదా మిమ్మల్ని రేకుల కిందికి తోలుకుపోతాం అని. 'అందరినీ ఉండమను' అన్న నా మర్యాద దాన్ని ఖాయం చేసింది. "మందులకొచ్చాం తాతా" అని సంచి విప్పి చూపించాను. ఆయన చాలాసేపు చూసి, "మందులని చెప్పరాదా మరి" అన్నాడు.

ఆయనకు మలేరియా కిట్టుతో పరీక్ష చేసి మాత్రలిచ్చి వచ్చేశాం. వారం తరువాత సంతలో తెలిసింది. అడవిలో వానకు తడుస్తూ గడిపిన ఆ రాత్రుల్లో జ్వరంతో ఉన్న ఒక చిన్నపిల్ల పోయింది. నాలుగేళ్ళు ఉంటాయట. జ్వరం నేను ఆ మాట అనకముందే ఉంది. మందు పడితే బతికేదని నేను ప్రమాణం చెయ్యలేను. మందు నా సంచిలో ఉండగా పిల్ల అడవిలో ఉందన్నది మాత్రం ప్రమాణం చేసి చెప్పగలను.

ఈ సంగతి నేను ఇంట్లో కూడా చాలా ఏళ్ళు చెప్పలేదు. 2021 మే నెలలో సిల్గేర్‌లో కొత్త క్యాంపు వద్దని జనం వేలల్లో కూర్చున్నారని, 17న కాల్పుల్లో ముగ్గురు పోయారని టీవీలో చూశాను. ఆ క్యాంపు ఉండాలా వద్దా అన్నది నా స్థాయి విషయం కాదు. ఇదే సభలో రెండు వైపులా వాదించగలవాళ్ళున్నారు. నాకు మాత్రం ఆ మాట వినగానే బోర్లించిన కుండ కనబడింది. మా ఆవిడ అడిగింది, ఆ రోజు చెప్పాను. ఆవిడ తన ఊరి పేరు గురించి ఆ తరువాత హాస్యమాడలేదు.

మళ్ళీ ఆ పల్లెకు వెళ్ళామా అంటే, వెళ్ళాం, నెలన్నర తరువాత. రిజిస్టరులో 'మెడికల్ క్యాంప్' అనే రాశాను, ఫారంలో వేరే గడి లేదు. సంతలో పెద్దాయనతో మాత్రం, "జ్వరం మాత్రలు తెస్తాం, ఇచ్చేసి అదే పూట వెళ్ళిపోతాం, ఎవర్నీ ఎక్కడికీ తీసుకుపోం" అన్నాను. పొడుగు మాటే. ఆయన నా చేత రెండోసారి చెప్పించుకున్నాడు. ఆ రోజు పదకొండు మంది వచ్చారు, ఎక్కువమంది ముసలివాళ్ళు. ఆడవాళ్ళు పిల్లల్ని చంకనేసుకుని దూరంగా చెట్ల దగ్గరే నిలబడ్డారు. నేను మందుల పెట్టె ఎత్తుకుని అక్కడికే వెళ్ళాను.

కార్యదర్శిగారు వాచీ చూపిస్తున్నారు.