హిస్టోనులను మార్చే ఎంజైములు: క్షయక్రిమి నేర్పిన పాఠము

(ప్లాటినం జూబిలీ సభలో చేసిన ప్రసంగ పాఠము)



డెబ్బది ఐదేండ్ల తెలుగు బడిలో విజ్ఞానశాస్త్ర విషయమొకటి తెలుగులోనే ముచ్చటించడం నాకు ఆనందదాయకము. తిరుచ్చులి చుట్టుప్రక్కల నల్లరేగడిలో పత్తి పండుతుంది. కనుక నూలుపోగు పోలికతోనే ఆరంభిస్తాను.

కేంద్రకము గల మన ప్రతి కణములోను సుమారు 2 మీటర్ల పొడవైన డి.ఎన్.ఏ. పోగు ఉన్నది. అది అంత చిన్న చోట ఇమడడానికి తోడ్పడేవి హిస్టోనులనే ప్రోటీనులు. 1884లో జర్మనీ శాస్త్రవేత్త ఆల్బ్రెక్ట్ కోసెల్ పక్షుల రక్తకణముల నుండి వీనిని వేరుచేశారు. ఎనిమిది హిస్టోనులు కూడి ఒక కండె అవుతుంది. దానికి సుమారు 147 అక్షరజంటల పొడవున పోగు చుట్టుకొని ఉంటుంది. బిగుతుగా చుట్టిన చోట జన్యువు చదువబడదు. వదులైన చోట చదువబడుతుంది. కాలేయ కణములోను, చర్మ కణములోను వ్రాత ఒక్కటే అయినా పనులు వేరుగా ఉండడానికి ఇది ఒక ముఖ్య కారణము.

ఈ బిగింపును, సడలింపును నడిపే పనివారే హిస్టోనులను మార్చే ఎంజైములు. హిస్టోనుల కొసలు తోకలవలె వెలుపలికి ఉంటాయి. వానిలోని లైసిన్‌కు ధనావేశము, డి.ఎన్.ఏ.కు ఋణావేశము ఉండడంచేత రెండూ ఆకర్షించుకొంటాయి. ఎసిటైల్ ట్రాన్స్‌ఫరేజ్ అనే ఎంజైము తన గాడిలో హిస్టోను తోకను పట్టుకొని, లైసిన్‌పై ఎసిటైల్ సమూహమును చేరుస్తుంది. ధనావేశము తొలగి చుట్టు సడలుతుంది. డీఎసిటైలేజ్ ఆ సమూహమును తొలగిస్తుంది. ఈ ఎంజైములు పెక్కింటిలో ఇరుకైన సొరంగము వంటి లోతు, దాని అడుగున జింకు అయాను ఉంటాయి. ఆ జింకును పట్టి ఎంజైమును ఆపే వోరినోస్టాట్ అనే మందును 2006లో అమెరికాలో ఒక రకపు లింఫోమా కాన్సరుకు అనుమతించారు. మిథైల్ ట్రాన్స్‌ఫరేజులు చేర్చే మిథైల్ గుర్తు ఫలితము అది పడిన స్థానమును బట్టి ఉంటుంది.

ఇట్టి ఎంజైమునే మన శత్రువు పంపితే ఏమవుతుంది? 2015లో హైదరాబాదులోని సి.డి.ఎఫ్.డి. పరిశోధనాలయములో సంజీవ్ ఖోస్లా బృందము ఈ ప్రశ్నకు సమాధానము ప్రకటించింది. క్షయక్రిమి మన రక్షక కణములో చేరి ఒక మిథైల్ ట్రాన్స్‌ఫరేజును వెలువరిస్తుంది. అది కేంద్రకములో ప్రవేశించి, హెచ్3 అనే హిస్టోనులో 42వ స్థానమున ఉన్న ఆర్జినిన్‌పై గుర్తు పెడుతుంది. ఆ స్థానము తోకలో లేదు. పోగు కండెను చేరే, విడిచే చోటికి దగ్గరగా ఉన్నది. క్రిమిని చంపే చురుకైన ఆక్సిజన్ పదార్థముల తయారీకి కావలసిన జన్యువులు అందువలన అణగిపోతాయి. కావలివాని కర్రను దొంగ దాచివేసినట్లే! ఈ ఎంజైము లేకుండా చేసిన క్రిమికి మనుగడ శక్తి తగ్గింది. రోగము కలిగించని దాని బంధుజాతికి ఈ ఎంజైమునిస్తే ఆ శక్తి పెరిగింది.

తల్లిదండ్రులారా, ఈ సంగతి నుండి మనము గ్రహించవలసినది ఒకటున్నది. క్షయ పూర్వజన్మ పాపము కాదు, వంశమునకు మచ్చ కాదు. శరీర రక్షణనే మభ్యపెట్టగల క్రిమి వలన వచ్చే జబ్బు అది. పెళ్ళి సంబంధములు చెడిపోతాయనే భయముతో బిడ్డ దగ్గును దాచే ఇండ్లు నేటికీ ఉన్నవి. ఆ దాపరికము రోగిని క్రుంగదీస్తుంది, ఇంటిల్లిపాదికి జబ్బును పంచుతుంది. మద్రాసులో 1956లో ఏర్పడిన క్షయ చికిత్సా కేంద్రము, ఇంటి వద్ద మందులు తీసుకొన్నవారికి కూడా శానటోరియములో ఉన్నవారితో దాదాపు సమానముగా నయమవుతుందని 1959లోనే వెల్లడించింది. రెండు వారములు మించి దగ్గు ఉంటే కఫ పరీక్ష చేయించండి. ప్రభుత్వ ఆసుపత్రిలో మందులు ఉచితము. సాధారణ క్షయకు ఆరు నెలల చికిత్స ఆనవాయితీ. ఒంట్లో కులాసాగా ఉన్నదని నడుమ మానరాదు.

విద్యార్థులారా, ఆ దొంగ ఎంజైమును ఆపగల అణువు దొరికితే మన రక్షక కణములకు తిరిగి బలము చేకూరగలదు. దానిని వెదకేవారిలో ఈ బడి బిడ్డ ఒకరు ఉండాలని ఆశిస్తున్నాను.