నేడు వంట దేనిపై?

రామగుండము జలాశయముపై 2022వ సంవత్సరమున 100 మెగావాట్ల తేలియాడు సౌరవిద్యుత్కేంద్రము పని ఆరంభించినది. సంతోషమే. కాని మరుసటి యేడే, అదే రామగుండమున, 800 మెగావాట్ల క్రొత్త బొగ్గు యూనిట్ జాతికి అంకితమైనది. సౌరఫలకములను లెక్కించినంతనే అచటి ప్రజల ఊపిరితిత్తుల క్షేమము తెలియునా? తెలియదు. గాలిలోని ధూళి తగ్గినదా, పిల్లల ఆయాసము తగ్గినదా యని చూడవలెను.

వంటపొగ విషయమునను ఇట్టి లెక్కయే కలదు; అది చూచుటకు ఇక ఆదిలాబాదు వైపు పోదము. పేదయిండ్లకు గ్యాసు పొయ్యిని చేర్పనెంచి 1999లో దీపము పథకమును, 2016లో ఉజ్జ్వల పథకమును వచ్చినవి. కట్టెల పొగ స్త్రీలకు దీర్ఘకాలిక శ్వాసరోగమును, శిశువులకు న్యుమోనియాను కలిగింపగలదు. ఆ పొగలోని మసియే వాతావరణమును కూడ వేడెక్కించును. ఒక్క పొగ తగ్గిన రెండు మేళ్లు! అయితే కనెక్షను ఇచ్చుట వేరు, సిలిండరును మరల నింపించుకొనుట వేరు. ఉట్నూరు వైపు గూడెములలో కట్టె అడవిలో దొరకును, సిలిండరుకో రొక్కము కావలెను. అందుచే ఒకే యింట రెండు పొయ్యిలును మండుచుండుటయు, రిజిస్టరులో మాత్రము అది పొగలేని యిల్లగుటయు కలదు. రిజిస్టరునకు దగ్గు రాదు గదా!

కావున ఇట్టి పథకముల ఫలితమును అంచనా వేయువారు మొదట అడుగవలసినది ఒక్కటే: నేడు వంట దేనిపై అయినది? ఇంటింటికి పోవు ఆశా కార్యకర్త ఈ ప్రశ్నను దగ్గును గూర్చిన ప్రశ్నతో కలిపి వేసవిలో ఒకసారియు, తడికట్టెలు పొగలు గ్రక్కు వానకాలమున మరియొకసారియు అడుగవలెను.