ఇంటి బడిలో తెలుగు వ్రాత
(ఉగాది సభలో చేసిన ప్రసంగం)



చెన్నపట్టణంలో మన ఇళ్లలో ఈనాటికీ తెలుగు వినిపిస్తున్నది. కాని మన పిల్లవాని చేతికి కలమిచ్చి, ఊళ్లో ఉన్న అమ్మమ్మకు నాలుగు ముక్కలు వ్రాయమంటే దిక్కులు చూస్తాడు. 2006లో వచ్చిన చట్టంతో తమిళనాడు బడులలో తమిళం దశలవారీగా తప్పనిసరి అయింది. ఉన్నచోటి భాష నేర్వడం మంచిదే. అయితే తెలుగు అక్షరం నేర్పే పని చాలావరకు ఇంటిమీదనే పడింది. మాట నిలిచినా వ్రాత నిలవకపోతే, రాబోయే తరానికి తాతగారి ఉత్తరాలు ఉత్త గీతలుగా కనిపిస్తాయి.

మగపిల్లలు వ్రాతకు కుదురుగా కూర్చోరని తల్లులు మాతో అంటూ ఉంటారు. అందరూ అట్లా ఉండరు గాని, కొందరికి వేళ్లలో పట్టు ఆలస్యంగా కుదురుతుంది. మాట తోస్తుంది, చేయి సాగదు. రెండూ ఒకేసారి అడిగితే మొరాయిస్తారు. కాబట్టి ఆ రెంటినీ విడదీద్దాము. పిల్లవాడు చెప్పిన రెండు వాక్యాలు తల్లి వ్రాసి ఇవ్వవలె. వాటినే వాడు చూచి వ్రాయవలె. తన మాటే గనుక విసుగు తక్కువ.

పది నిమిషాలు చాలు. కాని రోజూ అదే వేళకు జరగవలె. ఆదివారంనాడు గంటసేపు నిర్బంధించడంకంటె ఇది మేలు. మొదట పలకా బలపమూ ఇవ్వండి. తప్పు పోయినా చెరపవచ్చునన్న ధైర్యం ఉంటుంది.

అక్షరమాల అంతా వచ్చేదాకా మాటలు ఆపనక్కరలేదు. ప, ల, క, డ వస్తే పలక, కల, పడక, కడప వ్రాయవచ్చును. గ చేర్చితే గడప వస్తుంది. తమిళ లిపిలో క, గలకు ఒకటే అక్షరం గదా! అందుచేత కడప, గడప వంటి జంటలను పలికించి వ్రాయించవలె. వత్తు కూడ ఇక్కడి పిల్లలకు క్రొత్తే. తమిళంలో 'అమ్మ' వ్రాస్తే రెండు మకారాలూ ప్రక్కప్రక్కన నిలుస్తాయి. మనకు రెండవది క్రిందికి దిగుతుంది. కర్ణాటకలో పెరిగే మన పిల్లలకు ఈ చిక్కు లేదు. కన్నడలిపి మన లిపికి తోబుట్టువు. తలకట్టు తేడా చూపితే సగం పని అయినట్లే.

వ్రాతకు ఒక పని కూడ ఉండవలె. అంగడి పద్దు, క్రికెట్టు జట్టు పేర్లు, పరుగుల లెక్క, ఏదైనా సరే. ఎర్రసిరాతో అన్నీ దిద్దకండి. రోజుకు ఒక్క తప్పు చాలు. ఇంట్లో పలికినట్లే వ్రాస్తే అది తప్పని అనకండి. 1936లో ఒడిషాలో చేరిన పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా ఉండిన గిడుగు రామమూర్తి పంతులుగారు జీవితమంతా పాటుపడింది వాడుకమాటకు వ్రాతలో చోటు కల్పించడానికే.

ఈ పండుగ వారంలో మీ అబ్బాయిచేత అమ్మమ్మకో తాతయ్యకో ఒక కార్డు వ్రాయించండి. మూడు వాక్యాలు చాలు. అక్షరాలు వంకరపోయినా దిద్దకుండ డబ్బాలో వేయండి. జవాబు వచ్చిననాడు, అందులో ఏమున్నదో తెలుసుకోవడానికి పిలవకుండానే వాడు మీ ప్రక్కన వచ్చి కూర్చుంటాడు. మరుసటి పాఠం అక్కడ మొదలుపెట్టండి.

నూతన సంవత్సరం మీకందరకు శుభములిచ్చుగాక!