ఒండ్రు ఏ ఊరిది?

వానకాలమున నస్పూరు చెంత గోదావరి నీటిని చెంబుతో ముంచి, రాత్రి కదల్పక ఉంచినచో, తెల్లవారునప్పటికి అడుగున ఒండ్రు పేరుకొనును. ఆ ఒండ్రు ఏ ఊరిది? మట్టియే ఇందుకు సాక్ష్యము చెప్పగలదని మేము నేడు మనవి చేయదలచితిమి.

మిల్లీమీటరులో 500వ వంతుకంటె చిన్నవైన బంకమట్టి రేణువులన్నియు ఒకే జాతివి కావు. బసాల్టు అను నల్లరాయి శిథిలమై ఏర్పడిన రేగడిలో స్మెక్టైటు మెండు. తడిసి ఉబ్బుట, ఎండి నెఱ్ఱెలు విచ్చుట దాని గుణమే. అభ్రకము గల రాళ్ళు అరిగినచో ఇల్లైటు, వేడియు వానయు ఎక్కువైనచోట కేయొలినైటు లభించును. ఎక్సురే కిరణములతో రేణువుల పొరల ఎడమును కొలిచి శాస్త్రజ్ఞులు వీనిని గుర్తింతురు. కేయొలినైటునకు అది 7 ఆంగ్‌స్ట్రాములు, ఇల్లైటునకు 10. గ్లైకాలు ఆవిరి తగిలిన స్మెక్టైటునకు 17.

త్ర్యంబకమున పుట్టి 1465 కిలోమీటర్లు పారు గోదావరి పరీవాహక భూమిలో దాదాపు సగము దక్కను నల్లరాతి నేలయే. కావుననే బంగాళాఖాతపు అడుగు మట్టిలో స్మెక్టైటు హెచ్చినచోట గోదావరీ కృష్ణలను, ఇల్లైటు, క్లోరైటు హెచ్చినచోట హిమాలయ నదులను శాస్త్రజ్ఞులు తలంతురు.

ఉత్తరధ్రువ సముద్రమునకును ఇదే సూత్రము. సైబీరియాలోని పుటొరానా పీఠభూమియు మన దక్కను వలె లావా గడ్డకట్టిన నేలయే. దాని స్మెక్టైటును యెనిసేయి నది కారా సముద్రపు లోతు తక్కువైన తీరభాగమునకు చేర్చును. తూర్పున లేనా నది లాప్టెవ్ సముద్రమునకు తెచ్చు ఒండ్రులో ఇల్లైటు అధికము. చలికాలమున అచ్చటి ఒండ్రు మంచులో చిక్కుకొని, మంచుతోకూడ తేలిపోయి, దూరమున అది కరిగినపుడు సముద్రములో పడును. మంచుపలకపై దొరకిన మట్టిని పరీక్షించి, ఆ పలక ఏ తీరమున పుట్టినదో ఊహింతురు. అయినను ఒక్క సాక్షిని నమ్మి తీర్పు చెప్పరాదు. ఉప్పునీరు తగులగనే కొన్ని రేణువులు త్వరగా అడుగంటును, కొన్ని దూరము పోవును.

దీనితో మనకేమి పని యందురేమో! 1963లో పోచంపాడు ఆనకట్టకు పునాది పడెను. పిమ్మట నస్పూరుకు సమీపముననే ఎల్లంపల్లి వెలసెను. జలాశయములు పైరులకు నీరిచ్చినవి. ఒండ్రును మాత్రము చాలవరకు తమలోనే నిలుపుకొన్నవి. డెల్టాకు చేరు ఒండ్రు మునుపటికంటె ఎంతో తగ్గినది. తీరము పలుచోట్ల కోతకు గురియగుచున్నది. ఏ ఉపనది మట్టి ఆగినదో, ఏది సముద్రము చేరుచున్నదో తెలిసికొనుటకు ఈ సాక్ష్యము అక్కరకు వచ్చును.

ఇచ్చట మనము పూడిక యని విసుగుకొనునదే కోనసీమ రైతునకు నేల. చెంబు అడుగున చేరిన ఆ పిడికెడు మట్టి బహుదూరము పోవలసిన బాటసారి.