బొల్లి మచ్చలు – వెలుగుతో పనిచేయు మందు

(ఘనపూరులో పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగము)



గ్రామములలో మీ ముందుకు వచ్చు తగవులన్నియు పొలముగట్లకు, నీటికాలువలకు సంబంధించినవే కావు. ఒంటిపై తెల్లమచ్చ కనిపించినదని కుదిరిన పెండ్లి తప్పిపోవుట, కోడలిని పుట్టింటికి పంపివేయుట వంటివియు వచ్చుచుండును. తీర్పు చెప్పువారికి ఆ మచ్చ యేమో తెలిసియుండవలెను.

బొల్లి కుష్ఠు కాదు. చర్మమునకు రంగునిచ్చు కణములు నశించుటచే ఈ మచ్చలేర్పడును. శరీరమును కాపాడవలసిన రక్షణశక్తియే ఆ కణములపై తిరుగబడుట ఇందుకు ముఖ్యకారణము. ఇది అంటువ్యాధి కాదు. ఒకే కంచములో తిన్నను సోకదు. బొల్లిమచ్చలో స్పర్శ యుండును. స్పర్శ లేని మచ్చ కుష్ఠు కావచ్చును; దానికిని ప్రభుత్వాసుపత్రులలో ఉచితముగ మందు కలదు, నయమగును.

మన వైద్యులు బావంచి గింజలను బొల్లికి పూర్వమునుండి వాడుచున్నారు. వానిలో సొరాలెన్ అను పదార్థము కలదు. ఈజిప్టు దేశపు ఒక మొక్క గింజలలోను ఈ జాతి పదార్థమే యున్నది. కైరో నగరపు వైద్యుడు ఎల్ మొఫ్తీ దానిని బొల్లిరోగులకు వాడి 1948లో ఫలితములను ప్రకటించెను. 1974లో అమెరికా వైద్యులు ఈ మందునకు అతినీలలోహిత దీపములను జతపరచి, సోరియాసిస్ అను పొలుసుల వ్యాధికి చికిత్స చేసిరి.

ఈ మందు చీకటిలో నిదురించును. వెలుగు సోకిన మేల్కొనును. మాత్ర వేసికొనిన రమారమి రెండు గంటలకు, వైద్యుడు నిర్ణయించినంత సేపు మాత్రమే కిరణములు పట్టవలెను. వారమునకు రెండు మూడు పర్యాయముల చొప్పున నెలల తరబడి సాగవలెను. ముఖముపై మచ్చలు త్వరగా లొంగును. వ్రేళ్లకొనలవి సులభముగ లొంగవు. ఆనాడంతయు కండ్లకు నల్లకద్దాలు ధరింపవలెను. గర్భిణులకు ఈ మందు తగదు. దీర్ఘకాలము వాడినచో చర్మపు పుట్టకురుపు భయమును కలదు. కావున నేడు మందు లేకుండ మరియొక రకపు కిరణములతోనే చేయు చికిత్సను వైద్యులు తరచుగ ఎంచుకొనుచున్నారు.

ఎవరో చెప్పిరని బావంచి ముద్ద పూసికొని మిట్టమధ్యాహ్నపు టెండలో నిలుచువారి చర్మము కాలి బొబ్బలెక్కును. మేలుచేయు వెలుగే కొలత తప్పిన నిప్పగును.

సభ్యులారా! గ్రామసభలో ఈ విషయము చెప్పుడు. మచ్చ కనిపించినవారిని ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు, అవసరమైన వరంగల్లు మహాత్మాగాంధీ స్మారక ఆసుపత్రికి పంపుడు. బడిలోను, బావికడను, పెండ్లిపందిరిలోను వారిని వేరుచేయనీయకుడు. మందు పనిచేయుటకు నెలలు పట్టును. మీ మాట పనిచేయుటకు ఒక్క సభ చాలును.