ఖాకీ కొలువు, మన బిడ్డలు

(మంఖాల్‌లో తల్లిదండ్రులు, యువతీయువకుల సమావేశంలో ఒక విశ్రాంత పోలీసు అధికారి చేసిన ప్రసంగ పాఠం)



పోలీసు ఉద్యోగం గురించి వివరించమని నిర్వాహకులు నన్ను కోరారు. ఎత్తు ఎంత ఉండాలి, ఎంత దూరం పరుగెత్తాలి అన్న సంగతులు తరువాత చెబుతాను. అంతకన్నా ముందు, ఇక్కడ కూర్చున్న తండ్రులలో అనేకులు మనసులో పెట్టుకొని వచ్చిన ప్రశ్న ఒకటున్నది. మన బిడ్డను ఆ ఖాకీలోకి పంపవచ్చునా? పంపితే రేపు మనవాళ్ళ మీదనే లాఠీ ఎత్తవలసి వస్తుందేమో!

ఈ భయం ఊరకే పుట్టినది కాదు. 2007 మే 18న మక్కా మసీదులో జుమా నమాజు వేళ పేలుడు జరిగింది. ఆ తరువాత పోలీసు కాల్పులలోనూ మనుషులు పోయారు. విచారణ పేరిట పట్టుకుపోయిన ముస్లిం యువకులు నిర్దోషులుగా బయటపడేనాటికి వారి చదువులు, కొలువులు చెదిరిపోయి ఉన్నాయి. 2015 ఏప్రిల్ 7న ఆలేరు దగ్గర, వరంగల్ జైలు నుండి కోర్టుకు తీసుకొని వస్తున్న ఐదుగురు విచారణ ఖైదీలు పోలీసు వాహనంలోనే కాల్పులకు బలయ్యారు. వీటిని మరచిపొమ్మని చెప్పడానికి నేను రాలేదు. ఆ శాఖలో పనిచేసిన వాడిగా నేను కూడా వీటిని మరచిపోలేదు.

అయితే ఠాణాలో ఎఫ్ఐఆర్ రాసే బల్ల దగ్గర మనవాడు లేకపోవడం వలన మనకు ఒరిగినదేమిటి? ఉర్దూ తప్ప మరో భాష రాని ఒక తల్లి ఫిర్యాదు చేయడానికి వస్తుంది. ఆమె చెప్పినది ఒకటి, రాసినది ఇంకొకటి అవుతుంది. ఇది కుట్ర కానక్కరలేదు, రాసేవాడికి ఆ భాష తెలియకపోతే చాలు. 2017లో ఉర్దూను రాష్ట్రమంతటా రెండవ అధికార భాషగా ప్రకటించారు. ప్రకటన కాగితం మీద ఉన్నది. ఠాణాలో దానిని చదవగలిగిన వాడు కూర్చుంటేనే అది అమలులోకి వస్తుంది.

సచార్ కమిటీ 2006లో ఇచ్చిన నివేదికను గుర్తు చేసుకోండి. కానిస్టేబుళ్ళలో ముస్లింలు 6 శాతం, ఐపీఎస్‌లో 4 శాతం అని అందులో ఉన్నది. 2011 జనాభా లెక్కల ప్రకారం తెలంగాణలో మనం 12 శాతానికి పైగా ఉన్నాము. పోలీసు బలగాలలో ముస్లింలు ఎందరన్న లెక్కను జాతీయ నేర నమోదు సంస్థ 2013 తరువాత ప్రచురించడం మానివేసింది. లెక్క ఆగిపోతే కొరత తీరినట్టు కాదు.

ఈ నగరానికి ఇంకొక చరిత్ర కూడా ఉన్నది. నిజాం కాలంలో, ముస్లిం పాలకుని రాజధానికి 1920 నుండి 1934 దాకా కొత్వాలుగా ఉన్నది రాజా బహదూర్ వెంకటరామారెడ్డి. పాలకునిది ఒక మతం, కొత్వాలుది మరొక మతం. అయినా ఆయన మాటను నగరం నమ్మింది. ఇక్కడికి దగ్గరలో, హిమాయత్‌సాగర్ వద్దనున్న రాష్ట్ర పోలీసు అకాడమీకి ఆయన పేరే పెట్టారు. మన కాలంలో ఎ.కె. ఖాన్ హైదరాబాదు పోలీసు కమిషనర్‌గా పనిచేశారు. ఐపీఎస్ అధికారులకు శిక్షణ ఇచ్చే జాతీయ అకాడమీ శివరాంపల్లిలో ఉన్నది. రెండు అకాడమీలూ మన ఇళ్ళకు ఇంత దగ్గరలో ఉన్నా, వాటి గేటు లోపలికి వెళ్ళే ఆలోచన మన పిల్లలకు రావడం లేదు.

ఇక కొలువు సంగతి. 2022 ఏప్రిల్‌లో రాష్ట్ర పోలీసు నియామక మండలి 16,614 ఖాళీలకు ప్రకటన ఇచ్చింది. అందులో ఎస్సై స్థాయివి 587, కానిస్టేబుల్ స్థాయివి 16,027. ఇటువంటి పెద్ద ప్రకటనలు ఏటా రావు. వచ్చిన తరువాత పరుగు మొదలుపెట్టేవాడు వెనుకబడతాడు. కానిస్టేబుల్‌కు ఇంటర్, ఎస్సైకి డిగ్రీ ఉండాలి. ఆ ప్రకటనలో కానిస్టేబుల్ వేతన శ్రేణి 24,280 నుండి 72,850 రూపాయలు, ఎస్సైది 42,300 నుండి 1,15,270 రూపాయలు. పురుషులు 1600 మీటర్లను 7 నిమిషాల 15 సెకన్లలో, స్త్రీలు 800 మీటర్లను 5 నిమిషాల 20 సెకన్లలో పరుగెత్తాలి. ఫజర్ నమాజుకు లేచే అలవాటున్న పిల్లవాడికి పొద్దున్నే మైదానానికి పోవడం కష్టం కాకూడదు. ప్రాథమిక పరీక్ష ప్రశ్నపత్రం ఉర్దూలోనూ ఉంటుంది. ఎస్సై తుది పరీక్షలో తెలుగుకు బదులు ఉర్దూ పత్రాన్ని ఎంచుకొనే వీలున్నది.

మనవాళ్ళు పరుగులో కన్నా కాగితాల దగ్గర ఎక్కువగా పోతున్నారు. అందుకే దీనిని కొంచెం వివరంగా చెబుతాను.

మొదటిది స్థానికత. ఉద్యోగాలలో 95 శాతం స్థానికులకే. ఒకటి నుండి ఏడవ తరగతి దాకా ఎక్కడ చదివాడన్నదే దానికి ఆధారం. మన ఇళ్ళలో కొందరు పిల్లలను హిఫ్జ్ కోసం చిన్నప్పుడే వేరే ఊరి మదరసాకు పంపుతారు. అది పుణ్యకార్యమే, నేను కాదనను. కానీ ఆ మూడు నాలుగేళ్ళు గుర్తింపు ఉన్న బడి రిజిస్టరులో పేరు లేకపోతే, ఇరవై ఏళ్ళప్పుడు స్టడీ సర్టిఫికెట్ ఎవరిస్తారు? రెండూ కలిసి సాగేలా చూసుకొనే బాధ్యత తల్లిదండ్రులదే.

రెండవది రిజర్వేషన్. 2007 చట్టం ద్వారా బీసీ-ఇ కింద నాలుగు శాతం వచ్చింది. 2010లో హైకోర్టు దానిని కొట్టివేయగా, ఆ ఏడు మార్చిలో సుప్రీంకోర్టు ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వు మీద అది కొనసాగుతూ వచ్చింది. దానితో పాటు వయసులో ఐదేళ్ళ సడలింపు ఉంటుంది. క్రీమీ లేయర్‌లో లేమన్న ధ్రువపత్రం వేరుగా తీసుకోవాలి. సయ్యద్, మొఘల్, పఠాన్ కుటుంబాలు ఇందులోకి రావు. వారు ఆదాయ పరిమితిలో ఉంటే ఈడబ్ల్యూఎస్ కింద దరఖాస్తు చేసుకోవచ్చు. దూదేకుల వారిది బీసీ-బి. రాష్ట్ర బీసీ పత్రం ఉన్నంత మాత్రాన కేంద్ర కొలువులకు ఓబీసీ అయిపోరు. ఆ జాబితా వేరు, దానిని చూసుకొనే దరఖాస్తు నింపండి.

మూడవది కేసులు. మొహల్లా గొడవలోనో ధర్నాలోనో పేరు ఎక్కిన పిల్లలు మనలో ఉన్నారు. దరఖాస్తులో "కేసులున్నవా?" అని అడిగినప్పుడు "లేవు" అని రాయమని సలహా ఇచ్చే పెద్దమనుషులూ ఉన్నారు. ఆ మాట వినవద్దు. 2016 జూలైలో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఈ విషయాన్ని విచారించింది. చిన్న కేసును దాచితే మన్నించే అవకాశం అధికారికి ఉన్నది గాని, దాచడమే ఉద్యోగం పోవడానికి కారణం కూడా కావచ్చు. నిజం రాసిన వాడికి కూడా నియామకం హామీ లేదు, కానీ కోర్టులో నిలబడే చోటు ఉంటుంది. కొట్టివేసిన కేసైనా తీర్పు ప్రతి దగ్గర పెట్టుకోవాలి.

విమానాశ్రయం 2008 మార్చిలో మొదలైన నాటి నుండి ఈ చుట్టుపక్కల పిల్లలు అక్కడ డ్రైవర్లుగా, లోడర్లుగా, ప్రైవేటు కాపలాదారులుగా పనిచేస్తున్నారు. అదే ఆవరణలో తుపాకీతో నిలబడిన సీఐఎస్ఎఫ్ జవానుది కేంద్ర ప్రభుత్వ కొలువు. దానికి పదవ తరగతి చాలు. కేంద్ర బలగాల కానిస్టేబుల్ పరీక్షను 2024 నుండి తెలుగు, ఉర్దూలలో కూడా రాయవచ్చు. పరుగు మాత్రం పెద్దది: పురుషులకు 24 నిమిషాలలో 5 కిలోమీటర్లు.

అమ్మాయిల మాట. రాష్ట్రంలో సివిల్ కానిస్టేబుల్ పోస్టులలో మూడవ వంతు స్త్రీలవి. 2014 అక్టోబరులో హైదరాబాదులో షీ టీమ్స్ మొదలైన నాటి నుండి మహిళా పోలీసుల అవసరం పెరిగింది. ఇంటిలో దెబ్బలు తిన్న మన ఆడపడుచు పురుషుని ముందు నోరు విప్పదు. విప్పించగలిగినది ఇంకొక ఆడపడుచే.

గడ్డం గురించి యువకులు అడిగారు. వైమానిక దళ ఉద్యోగి కేసులో 2016లో సుప్రీంకోర్టు గడ్డానికి అనుమతి ఇవ్వలేదు. 2024లో మద్రాసు హైకోర్టు, తమిళనాడు ముస్లిం పోలీసులు చక్కగా కత్తిరించిన గడ్డం ఉంచుకోవచ్చునని చెప్పింది. ఒక్కొక్క బలగానికి ఒక్కొక్క నియమం. చేరకముందే తెలుసుకోండి, చేరిన తరువాత తగవు పెట్టుకోకండి.

ఈ కొలువులో కష్టం లేదని చెబితే అబద్ధమవుతుంది. వారాంతపు సెలవు తరచుగా కాగితం మీదనే ఉంటుంది. ఈద్ నాడు మీ బిడ్డ ఈద్‌గాహ్ బయట బందోబస్తులో నిలబడతాడు, గణేశ్ నిమజ్జనం రాత్రి ట్యాంక్‌బండ్ మీద ఉంటాడు. 2004 సెప్టెంబరు తరువాత చేరినవారికి పాత పింఛను లేదు. కానిస్టేబుల్‌గా చేరినవారిలో ఎక్కువ మంది హెడ్ కానిస్టేబుల్‌గానో ఏఎస్సైగానో దిగిపోతారు. అందుకే డిగ్రీ ఉన్నవాడు ఎస్సైకి రాయాలి. గ్రూప్-1 రాస్తే నేరుగా డీఎస్పీ కావచ్చు. కానిస్టేబుల్‌గా చేరి కూడా ఆ పరీక్షలకు చదవవచ్చు.

మొదట అడిగిన ప్రశ్న మిగిలింది: మనవాళ్ళ మీద లాఠీ ఎత్తమంటే? చట్టబద్ధమైన ఉత్తర్వును ముస్లిం పోలీసు కూడా పాటించవలసిందే. చట్టం లేని దెబ్బ ఎవరి మీదనైనా కొట్టనని చెప్పే ధైర్యం ఉంటేనే పంపండి. మనవాడైతే వదిలిపెట్టాలన్న ఆశతో మాత్రం పంపకండి.

మైనారిటీస్ స్టడీ సర్కిల్ ఉచిత శిక్షణ ఇస్తుంది. దాని ప్రకటన కోసం పత్రికలు చూస్తూ ఉండండి. ఈలోగా ఈ వారంలోనే బడికి వెళ్ళి ఒకటి నుండి ఏడు తరగతుల స్టడీ సర్టిఫికెట్లు తెచ్చుకోండి. ఆధార్‌లో, పదవ తరగతి మెమోలో పేరు ఒకే విధంగా ఉన్నదో లేదో సరిచూసుకోండి. షేక్ అని ఒకచోట, ఎస్.కె. అని మరొకచోట ఉంటే ఇప్పుడే సరిచేయించుకోండి. సందేహాలున్నవారు కాగితాలతో సహా నా దగ్గరకు రండి, అస్ర్ దాకా ఇక్కడే ఉంటాను.